మండలం నిండని పిల్ల

గుడియాత్తంలో మేస్త్రీ చెంగల్రాయలు చేత ఇల్లు కట్టించుకోవడం కష్టమేమీ కాదు. ఇటుక, ఇసుక, సిమెంటు, కొంచెం ఓపిక ఉంటే చాలు. ఆయన దగ్గర కుక్కపిల్లను సంపాదించడమే కష్టం. అందుకు సత్ప్రవర్తన కావాలి, ఇంటికి ప్రహరీగోడ కావాలి, అన్నిటికీ మించి రోజులు లెక్కపెట్టి ఆగే గుణం కావాలి. నెల్లూరుపేటలో ఒక బ్యాంకు మేనేజరు ఈ పరీక్షలో రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూర్చునే ధైర్యం లేక బెంగళూరు వెళ్ళి పొమరేనియన్ కుక్కను కొనుక్కొచ్చుకున్నాడు.

ఈ పిల్లలందరికీ తల్లి పేరు ఇంజనీరమ్మ. గోధుమరంగు నాటుకుక్క. పేరు పెట్టింది కూలీలు. పని జరిగే చోటికి పదిగంటలకు వచ్చి, ఇసుకగుట్ట ఎక్కి, నాలుగు వైపులా చూసి, చల్లగా ఉన్న చోట పడుకుని, భోజనాల వేళకు లేచి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయేది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఊళ్ళో ఉన్న అసలు ఇంజనీర్లలో ఒకాయన నొచ్చుకుంటే చెంగల్రాయలు ఆయన్ను సమాధానపరిచాడు.

"ఇది ప్లాను మార్చమని అడగదప్పా. అంతమట్టుకు మేలే కదా."

ఇంజనీరమ్మ ఈనిన రోజున చెంగల్రాయలు తన ఇంటి వెనకగోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాడు. మరునాడు ఇంకొకటి. గీతలు నలభై ఎనిమిదికి చేరేదాకా, అంటే ఒక మండలం నిండేదాకా, పిల్ల గడప దాటడానికి వీల్లేదు. మంత్రి వచ్చి అడిగినా ఇంతే. (మంత్రి ఎవరూ వచ్చి అడగలేదు. మునిసిపల్ కౌన్సిలర్ ఒకాయన మనిషిని పంపాడు. ఆ మనిషికి కాఫీ ఇచ్చి పంపేశాడు.)

"ఎందుకయ్యా ఈ పట్టుదల? నెల దాటితే పాలు మానేస్తాయి కదా?" అని ఎవరైనా అడిగితే ఆయన శ్లాబు సంగతి ఎత్తుకునేవాడు.

"శ్లాబు పోసినాక ఇరవై ఒక్క దినం నీళ్ళు పట్టాలా వద్దా? అవసరమని పదో దినమే కింద పలకలు ఊడబెరికితే ఏమవతాది? ఏమీ కాదు. నిలబడే ఉంటాది. పైకి బాగానే ఉంటాది. ఇరవై ఏండ్లకు నెర్రె ఇచ్చినప్పుడు కదా తెలిసేది."

గీతలు నిండినంత మాత్రాన కూడా చాలదు. పిల్ల తనంతట తాను గిన్నెలో తినాలి. తోబుట్టువుల చేత కరిపించుకుని, తానూ కరిచి, ఎంత కరిస్తే ఎదుటివాళ్ళకు నొస్తుందో తెలుసుకోవాలి. చాలామంది మనుషులు ఈ పాఠం పూర్తిచేయకుండానే ఇళ్ళు కట్టించుకుంటున్నారని ఆయన అభిప్రాయం. వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పాలకు వచ్చిన పిల్లను తల్లే కసురుకోవాలి.

"తల్లి విసుక్కుని తోసేసినాకనే పిల్ల పోవాల. మనం పెరకగూడదు."

ఈ మాట అనేటప్పుడు ఆయన ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. ధర్మం చెప్పేవాళ్ళకు అది అలవాటేమో అనుకుని మేము ఊరుకునేవాళ్ళం.

నలభై ఎనిమిదో దినం గోనె కోసేవాడు. ఇంజనీరమ్మ ఈనిన గోనెసంచి అది. నలభై ఎనిమిది రోజులు తల్లీ పిల్లలూ దాని మీదే పడుకుని ఉంటారు గనుక దాని ఉనికి పది గజాల దూరం నుంచే తెలిసేది. దాన్ని కత్తెరతో మూరెడంత ముక్కలు చేసి, ఒక్కో పిల్లకు ఒకటి ఇచ్చి, నడిమి ముక్క తల్లికి వదిలేవాడు.

"ఇది పిల్ల పడుకునే చోట వెయ్యండి. ఉతకొద్దు. ఉతికినారని తెలిస్తే పిల్లను వాపసు తెచ్చుకుంటా."

ఉత్తి బెదిరింపు కాదు. మూడో రోజున స్వయంగా వెళ్ళి, ఇంటివాళ్ళు చూస్తుండగా మోకాళ్ళ మీద వంగి, గోనె వాసన చూసి వచ్చేవాడు. బ్యాంకు మేనేజరు రెండోసారి తప్పింది ఇక్కడే. ఆయన భార్య గోనె మీద సెంటు చల్లింది.

ఇదంతా ఊరికి వేడుక. పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇంత విచారణ ఎవరూ చేయరని నవ్వుకునేవాళ్ళు. ఆ మాట ఆయన చెవిన పడితే తాపీ కింద పెట్టి కాసేపు పక్కకు వెళ్ళిపోయేవాడు. నవ్వినవాళ్ళు కుర్రకారు. వాళ్ళకు తెలియదు.

చెంగల్రాయలు భార్య చెంగమ్మ కూడా కట్టుబడి పనే చేసేది. కలిపిన సున్నం తలమీద మోసి ఆయనకు అందించేది. పచ్చకామెర్లు వచ్చి పదిరోజుల్లో పోయింది. అప్పటికి కూతురు భువనకు రెండేళ్ళ ఏడు నెలలు. చెంగల్రాయలుకు బెంగళూరులో ఏడంతస్తుల కట్టడంలో పని ఒప్పుకుని ఉంది. పెద్దలు కూర్చున్నారు. మగవాడు, ఊరూరా తిరిగే మేస్త్రీ, ఆడపిల్లను ఎట్లా సాకుతాడు? వేలూరు వేలపాడిలో ఉన్న ఆయన అక్క రాజాంబాళ్‌కు పిల్లలు లేరు. పిల్ల ఆమె దగ్గర ఉంటే మంచిదని అందరూ అన్నారు. ఆయన కూడా అన్నాడు. పదకొండో రోజు కర్మ అయింది, పన్నెండో రోజు పిల్ల బస్సెక్కింది. చెంగమ్మ చీరలు రెండే. వాటిని అప్పటికే ఆచారం ప్రకారం చాకలికి ఇచ్చేశారు గనుక పిల్లతో పంపడానికి ఏమీ మిగల్లేదు. పంపాలని తోచిన వాళ్ళూ లేరు.

రాజాంబాళ్ చల్లని మనసున్న మనిషి. ఆమె మొగుడు పెరియస్వామి వేలూరులో ఒక ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు బట్టలుడకబెట్టాడు. ఆ ఇంట్లో దేవుడి తరువాత స్థానం చాకలిసోడాది. రోగం, పాపం, దుఃఖం ఈ మూడూ నానబెట్టి ఉతికితే పోతాయని ఆమె నమ్మకం. పిల్ల వచ్చిన రోజే తలంటి పోసింది. ఒంటిమీది పాత గౌను పారేసి కొత్తది తొడిగింది. అంతా ప్రేమతోనే.

పద్నాలుగు నెలల తరువాత చెంగల్రాయలు కళ్ళార్పే బొమ్మ ఒకటి కొనుక్కుని వేలపాడికి వచ్చాడు. పిల్ల రాజాంబాళ్ చీర చాటున దాక్కుని తొంగిచూసింది.

"దా అమ్మా, చూడు, మామ వచ్చినాడు" అంది రాజాంబాళ్.

లెక్కలో తప్పు లేదు. పిల్లకు రాజాంబాళ్ అమ్మ అయింది. అమ్మ తమ్ముడు మామ అవుతాడు. చెంగల్రాయలు చాచిన చేతులు కాసేపు గాలిలో నిలిచి, తరువాత సిమెంటు దులుపుకుంటున్నట్టుగా ఒకదానికొకటి రుద్దుకున్నాయి. కలిపిన సిమెంటును అర్ధగంటలోగా వాడుకోవాలి. ఆ తరువాత ఎన్ని నీళ్ళు పోసినా కలవదు. ఈ సంగతి ఊళ్ళో ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా ఆ అర్ధగంటా ఆయన అక్క ఇచ్చిన కాఫీ తాగుతూ కూర్చున్నాడు.

భువనకు ఐదో ఏడు వచ్చినప్పటి నుంచి ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. ముందుగదిలో గోడ గీరేది. నేలకు రెండడుగుల ఎత్తున, గోటితో, చెంచాతో, దొరికినదానితో. రాజాంబాళ్ పక్కింటివాళ్ళ చేత అరవంలో కార్డు రాయించేది: పిల్ల మళ్ళీ గోడ పీకేసింది, వచ్చి పూసిపో. ఆయన తాపీ సంచిలో వేసుకుని వెళ్ళి, పూసి, అన్నం తిని వచ్చేవాడు. రెండు మూడు నెలలకు ఇంకో కార్డు. డాక్టరు కడుపులో పురుగులన్నాడు. మందు తాగించారు. రాజాంబాళ్ వీపు మీద రెండు వేసింది కూడా. చెంగల్రాయలు సిమెంటు వంతు పెంచి, ఒకటికి మూడు ఇసుక చొప్పున కలిపాడు. ఐదేళ్ళ పిల్ల గోటికి నిలవని పూత పూసే మేస్త్రీ అని తోటిపనివాళ్ళు ఎగతాళి చేశారు. మొత్తం పదకొండుసార్లు పూశాడు. పిల్ల పెద్దబడికి పోయిన తరువాత గోడ నిలిచింది.

ఈలోగా ఆమెకు అసలు సంగతి తెలియకపోలేదు. వేలపాడిలో పదిమంది ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు నోళ్ళున్నాయి. తెలిసినా ఆమె ఏమీ అడగలేదు. మామా అనే పిలిచేది.

భువన పెళ్ళి విజయకుమార్ అనే లారీ డ్రైవరుతో జరిగింది. యువరాణి పుట్టింది. పాపకు ఏడాది నిండగానే విజయకుమార్ ఉల్లిగడ్డల లోడు కోసం నాసిక్ వెళ్ళాడు. ఉల్లిగడ్డలు వచ్చాయి. ఆయన ఇంకా రాలేదు. భువన పాపను తీసుకుని మళ్ళీ వేలపాడి చేరింది.

అవి దేశం తలుపులు బార్లా తెరిచిన రోజులు. గుడియాత్తం బజారులో చెంబు మాత్రమే అమ్మిన కొట్లో కలర్ టీవీ వచ్చి కూర్చుంది. రాణిపేట చుట్టూ చెప్పుల కంపెనీలు లేచాయి. కుట్టుమిషను తొక్కడం వచ్చిన ఆడవాళ్ళ కోసం ఊరూరా వ్యాన్లు తిరిగాయి. భువనకు కుట్టడం వచ్చు.

తొంభై నాలుగు వేసవిలో ఇంజనీరమ్మ ఐదు పిల్లలను పెట్టింది. ఆమెకూ వయసైంది, ఇదే ఆఖరని అందరికీ తెలుసు. వెనకగోడ మీద ముప్పై ఐదు గీతలున్న ఆదివారం నాడు భువన లత్తేరి మీదుగా వచ్చే బస్సు దిగి నేరుగా పెరట్లోకి వచ్చింది.

"మామా, నాకొక పిల్ల కావాల. ఆ నల్లది."

"ఇస్తానమ్మా. ఇంకా పదమూడు దినాలుండాది."

"నాకు ఈ పొద్దే కావాల. ఎల్లుండి పనిలో చేరాల. పాప నిద్ర లేసే తలికి పక్కన ఏదో ఒకటి ఆడుకునేది ఉంటే, నేను అట్లనే బస్సెక్కేస్తా."

"ఏం పని?"

"రాణిపేట కాడ చెప్పుల కంపెనీ. జర్మనీ దొరసానులు తొడుక్కునేదంట. పైతోలు కుట్టేది. ఆరు నెల్లు ట్రైనింగు. ఆడనే హాస్టల్లో ఉండాల. నెలకొక ఆదివారం ఇంటికి పంపిస్తారు."

"పాపను యాడ వదిలిపెడతావు?"

"ఇంకెక్కడ? అమ్మ దగ్గరే."

అన్న తరువాత ఆ మాట ఆమెకూ వినబడింది. ఇద్దరూ కుక్కపిల్లల వైపు చూశారు. నల్లది తల్లి పొట్ట కింద దూరి పాలు తాగుతూ ఉంది. ఇంజనీరమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

"ఇయ్యనమ్మా" అన్నాడు చెంగల్రాయలు.

"ఏమి?"

"తల్లి ఇంకా కసురుకోలే."

"నాకు కూడానా మామా? ఊరికంతా చెప్పే కతే నాకూ చెప్తాండావే?"

"ఎవురికైనా ఒకటే."

భువన కొంగు నడుముకు చెక్కుకుంది. ఆమెకు కోపం వచ్చేది తక్కువ. వచ్చినప్పుడు గొంతు పెరగదు, తగ్గుతుంది.

"కుక్కకు ఇన్ని లెక్కలు చూస్తావు కదా. నన్ను ఎన్ని దినాలకు ఇచ్చినావు?"

చెంగల్రాయలు గోడ వైపు తిరిగాడు. బొగ్గు గీతలను పై నుంచి కిందికి చూశాడు.

"రెండేండ్ల ఏడు నెల్లు" అన్నాడు, గది కొలత చెప్పినట్టు. "మీయమ్మ పోయిన పన్నెండో దినం."

ఆమె జవాబు కోసం అడగలేదు. జవాబు వచ్చేసరికి ఏం చేయాలో తోచక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు వేరే దారి లేదు మామా."

"లేదులేమ్మా. నాకూ లేదనే అనుకున్న్యా."

ఆమె వెళ్ళడానికి లేచింది. ఆయన వీధి గుమ్మం దాకా వచ్చి, కిందికి చూస్తూ చెప్పాడు.

"పొయ్యేటప్పుడు నీ చీర ఒకటి పాప పక్కలో వేసిపో. కట్టి విడిచింది. ఉతకొద్దు."

"ఎందుకు?"

"ఊరికే, సుమ్మనే. ఆ గోనె మాదిరి."

"కంపు కొడతాది కదా మామా."

"కొట్టాల."

నలభై ఎనిమిదో దినం ఒక శనివారం అయింది. ఇంజనీరమ్మ అంతకు నాలుగు రోజుల ముందే పిల్లలను కసరడం మొదలుపెట్టింది. చెంగల్రాయలు గోనె కోసి, నాలుగు పిల్లలను నాలుగిళ్ళకు అప్పగించి, నల్లదాన్ని వెదురుబుట్టలో పెట్టుకుని వేలూరు బస్సెక్కాడు. కండక్టరు బుట్టకు టికెట్టు కొట్టాలా, కుక్కకు కొట్టాలా అని లత్తేరి దాకా ఆలోచించి, ఎటూ తేలక చివరికి రెండూ మానుకున్నాడు.

యువరాణి గడప మీద వీధి వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆడటం లేదు, ఏడవటం లేదు.

"మొదట మూడు దినాలు ఒకటే ఏడుపురా" అంది రాజాంబాళ్, ఆయనకు కాఫీ కలుపుతూ. "ఇప్పుడు అలవాటై పోయినాది. ఒక్క మాట అనదు. బంగారు బిడ్డ."

పైకి బాగానే ఉంటాది అని తానే ఊరందరికీ చెప్పిన సంగతి చెంగల్రాయలుకు గుర్తొచ్చింది.

"అక్కా, భువన చీర యాడ?"

"ఏ చీర? ఓ, అదా! ఆ పిల్లకు బుద్ధి ఉండాదా? కట్టి విడిచిన చీర బిడ్డ పక్కలో పారేసి పోయినాది. చెమట కంపు. ఆ దినమే నానబెట్టి ఉతికేస్తి. బిడ్డ చీర పట్టుకుని ఊరు లేచిపొయ్యేతట్టు అరిచినాదిలే. అట్ల చూడు!"

పెరట్లో తీగ మీద చీర ఆరుతోంది. గంజి పెట్టి, నీలిమందు వేసి, అప్పుడే మిల్లు నుంచి వచ్చినట్టుంది. ఈ పది పన్నెండు రోజుల్లో ఆమె దాన్ని ఐదుసార్లు ఉతికింది. చెంగల్రాయలు ఆ చీర వైపు చూస్తున్న ఆ కాస్త సమయంలో రాజాంబాళ్ వెదురుబుట్టలోని గోనెముక్కను రెండు వేళ్ళతో ఎత్తి సోడా బకెట్లో వేసింది. ఆయన ఇటు తిరిగేసరికి నురగ పొంగుతోంది.

ఆమెను ఏమనడానికీ లేదు. ఇరవై ఏళ్ళ కిందట గౌను పారేసినప్పుడు కూడా ఏమనడానికీ లేకపోయింది.

ఆయన నల్లపిల్లను తీసి యువరాణి ఒళ్ళో పెట్టాడు. పాప దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు చూసి, తల ఎత్తింది. రాజాంబాళ్ వైపు చూసి,

"అమ్మా, కుక్క" అంది.

మొన్నటిదాకా అవ్వా అని పిలిచిన పిల్ల. రాజాంబాళ్ చెయ్యి నోటి మీదికి పోయింది. కళ్ళు తడిశాయి.

"విన్న్యావా? నన్ను అమ్మా అనిందిరా!"

చెంగల్రాయలు కాఫీ లోటా కింద పెట్టాడు. అందులో కాఫీ అట్లాగే ఉంది. చెప్పులు వేసుకుని, అక్క పిలుస్తున్నా ఆగకుండా వెళ్ళి రాణిపేట బస్సెక్కాడు. ఆ మాట చెవిన పడి అర్ధగంట కాకముందే ఆయన బస్సులో ఉన్నాడు.

కంపెనీ గేటు దగ్గర యోసేపు అనే వాచ్‌మన్ ఉన్నాడు. భువనకు ఏమవుతారని అడిగాడు. చెంగల్రాయలు గేటు స్తంభం పూతను చేత్తో తడిమి చూశాడు.

"చెప్పు మేస్త్రీ. నోటుబుక్కులో రాయాల."

"మామ అని రాసుకో."

టీ విరామానికి భువన బయటికి వచ్చింది. నీలం కోటు, తలకు గుడ్డటోపీ, ఒళ్ళంతా జిగురు వాసన. ఆయన్ను చూడగానే ముఖం పాలిపోయింది.

"పాపకు ఏమైనాది?"

"ఏమీ కాలేదు. బాగుండాది. రాజాంబాళక్కను అమ్మా అని పిలిచినాది."

భువన గేటు పక్క రాతి మీద కూర్చుండిపోయింది. ఆయన కూడా పక్కన కూర్చున్నాడు. లోపల మిషన్లు ఆగి ఉన్నందువల్ల రోడ్డు మీది లారీలు గట్టిగా వినిపిస్తున్నాయి.

"పని మానేసి వచ్చేదా మామా?"

"మానొద్దు. మానితే తినేదేమి? నిద్రపొయ్యేటప్పుడు కట్టుకునే చీర ఉండాది కదా, అది తెచ్చియ్యి. కోటు కింద కట్టేది వద్దు, దానికి ఈ జిగురు వాసన ఉంటాది. వచ్చే శనివారం అది వాపసు తెస్తా, ఇంకొకటి ఇయ్యి."

"అమ్మ ఉతికేస్తాది."

"అది నేను చూసుకుంటా."

ఆమె లేవలేదు. చెప్పుతో మట్టి గీస్తూ ఉండి, తల ఎత్తకుండా అడిగింది.

"నేను చిన్నప్పుడు గోడ ఎందుకు గీరతా ఉంటినో తెలుసునా?"

"పురుగులన్న్యాడే డాక్టరు."

"గోడ బాగుంటే నువ్వొస్తావా?"

చెంగల్రాయలు అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"నువ్వు పూసి పోయినాక రెండు మూడు దినాలు ఆ తడివాసన ఉండేది" అంది భువన. "ఆ గోడకు ఆనుకునే పడుకుంటా ఉంటిని. ఆరిపోతే మళ్ళా గీరేది."

"ఒక్క మాట చెప్పుంటే..."

"ఎట్లా చెప్పేది? నువ్వు మామవి కదా."

బెల్లు మోగింది. ఆమె లోపలికి పోయి ఒక చీర పాతపేపర్లో చుట్టి తెచ్చింది. యోసేపు పొట్లం విప్పి, లోపల కంపెనీ తోలేమీ లేదని రూఢిచేసుకుని, ముక్కు చిట్లించి వదిలిపెట్టాడు. వేలూరు దాకా చెంగల్రాయలు ఆ పొట్లాన్ని కిటికీ గాలి తగలకుండా చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండుసార్లు. ఒకటికి మూడు చొప్పున కలిపినందుకే ఐదారు కార్డుల మధ్య ఎడం ఎక్కువైందని, మామూలు పాళ్ళలో కలిపి ఉంటే ఇంకో నాలుగైదుసార్లయినా పోయి ఉండేవాణ్ణని ఆయన తరువాత నాతో అన్నాడు. అప్పుడు మా ఇంటి పిట్టగోడ కడుతున్నాడు. కట్టడం ఆపకుండానే అన్నాడు.

ఆ తరువాత ఆరు నెలలు చెంగల్రాయలు శనివారం పని ఒప్పుకోలేదు. శ్లాబులన్నీ శుక్రవారానికి జరిగాయి. శనిదోషం వల్ల దీక్ష పట్టాడని ఊరు నిర్ణయించింది. ఆయన కాదనలేదు. ప్రతి శనివారం ఉతికిన చీర ఒకటి రాణిపేటకు పోయేది, ఉతకని చీర ఒకటి వేలపాడికి వచ్చేది.

"ఎన్నా మేస్త్రీ, ఏం యాపారం ఇది?" అనేవాడు యోసేపు. "ఊళ్ళో చాకలోళ్ళు మైల తీసకపోయి మడి తెస్తారు. నువ్వు మడి ఇచ్చి మైల తీసకపోతావు. లాభముందా?"

"ఉండాదిలేప్పా."

వేలపాడిలో అక్కకూ తమ్ముడికీ ఒక సంధి కుదిరింది. పాప పక్కలోని చీరా, నల్లపిల్ల పడుకునే గోనే చెంగల్రాయలువి. లోకంలోని మిగతా బట్టలన్నీ రాజాంబాళ్ ఉతుక్కోవచ్చు. నడిమి గోనెముక్కలో సగం ఇంజనీరమ్మ దగ్గర అడిగి తెచ్చానని ఆయన చెప్పాడు. ఆమె ఇచ్చిందంటే ఇచ్చే ఉంటుంది. ఇంట్లో రెండు కంపులు ఎందుకు భరించాలని రాజాంబాళ్ వారానికొకసారి పోట్లాడేది. తమ్ముడు మొండివాడు.

చీర తెచ్చిన ప్రతిసారీ పాపను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు.

"ఇది ఎవురిది?"

పాప ముఖమంతా అందులో దాచుకుని చెప్పేది. "అమ్మది."

"మరి ఈమె ఎవురు?"

మొదటి వారాల్లో పాప రాజాంబాళ్ వైపు చూసి తడబడేది. తరువాత తడబడలేదు.

"అవ్వ."

రాజాంబాళ్ ఆ సమయానికి ఏదో పని కల్పించుకుని పెరట్లోకి పోయేది. ఆ శనివారాల్లో బండ మీద బట్టలు మామూలుకంటే గట్టిగా వినిపించేవి. అమ్మా అనే మాటను జీవితంలో రెండుసార్లు అడక్కుండా పొందిన మనిషి ఆమె. రెండోసారి తమ్ముడే వచ్చి వారం వారం కొంచెం కొంచెంగా వెనక్కు తీసుకుపోతున్నాడు. చెంగల్రాయలుకు అది కనబడకపోలేదు. ఒక శనివారం ఆయన బయలుదేరుతూ గుమ్మంలో ఆగి, "అక్కా, నామీద కోపంగా ఉండాదా?" అని అడిగాడు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని, "పో రా, బస్సు పోతాది" అంది.

పాప ఆయన్ను తాతా అనేది. మామ అయినా, తండ్రి అయినా, తరువాతి తరానికి వచ్చేసరికి తాతే అవుతాడు. బంధుత్వాల లెక్క ఆయనకు చేసిన మేలు ఇదొక్కటే.

ట్రైనింగు ముగిసి, పని ఖాయమై, భువన ఆర్కాడులో ఒక గది చూసుకుని, కార్తీకంలో ఒక ఆదివారం పాపను తీసుకుపోవడానికి వచ్చింది. చెంగల్రాయలు ముందురోజే వచ్చి ఉన్నాడు. భువన గడపలో నిలబడి చేతులు చాచింది. యువరాణి ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం చెంగల్రాయలు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మళ్ళీ తిరిగి చూసేసరికి పాప పరుగెత్తి తల్లి నడుము దగ్గర ముఖం దూర్చేసి ఉంది. నల్లపిల్ల చుట్టూ తిరుగుతూ మొరుగుతోంది. పాప చుట్టేసిన చేతులను విప్పడానికి భువనకు చాలాసేపు పట్టింది.

సాయంత్రం సామాన్లు, పాప, కుక్క, ఉతికిన గోనె ఒకటి, ఉతకని గోనె ఒకటి, అన్నీ ఆటో ఎక్కాయి. భువన రాజాంబాళ్ కాళ్ళకు దండం పెట్టింది. తరువాత చెంగల్రాయలు ముందుకు వచ్చి నిలబడింది. ఏదో అనబోయి ఆగింది. పెదవులు ఒక మాట ఆకారంలోకి వచ్చి నిలిచాయి. ఆ మాట ఏమిటో ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మాట అది. దాన్ని పలకడానికి ఆ పిల్ల ఎంత బరువు ఎత్తుతోందో కూడా ఆయనకు కనబడింది. గట్టిపడిపోయిన సిమెంటును గునపంతో కొట్టి విడదీయవచ్చు. చేతికి దెబ్బలు తగులుతాయి.

"పొయిరామ్మా" అన్నాడు తొందరగా. "చీకటి పడతాది."

"వస్తాము మామా" అంది భువన.

ఆటో మలుపు తిరిగేదాకా అక్కాతమ్ముళ్ళు వీధిలో నిలబడ్డారు. లోపలికి వచ్చాక ఇల్లు చాలా శుభ్రంగా ఉంది. ఉతకడానికి ఏమీ లేదు. రాజాంబాళ్ గదంతా చూసి, చివరికి ముందుగది గోడ కిందిభాగం చూపించింది.

"రే, నువ్వు పూసింది పెచ్చులూడి వస్తాండాది. సంచిలో తాపీ ఉంటే పూసిపో."

పదకొండో పూత. పదిహేనేళ్ళు నిలిచి, ఇప్పుడు ఒక మూల విడిచింది. చెంగల్రాయలు మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తడిమాడు. లోపల పాతపూతలు ఒకదాని కింద ఒకటి కనిపించాయి. వాటి కింద చిన్న చెంచా గీతలు.

"ఇసుక బాగలేదక్కా. వచ్చే వారం చూస్తా."

వచ్చే వారం సిమెంటు గడ్డకట్టింది. ఆ తరువాతి వారం తాపీ గుడియాత్తంలో మరిచిపోయాడు. శనివారాలు వేలపాడికి రావడం మాత్రం మానలేదు. ఆ ఇంట్లో అక్క ఉతికేది, తమ్ముడు కాఫీ తాగేవాడు. గుడియాత్తంలో నలభై మూడు ఇళ్ళు కట్టిన మేస్త్రీ, సొంత అక్క ఇంట్లో మూరెడు గోడ పూయలేకపోయాడని వేలపాడి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన వస్తే కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదట. ఆ గోడకు ఆనుకుని నేల మీదే కూర్చునేవాడు. చెంచా గీతలున్న ఆ గుంట రెండడుగుల ఎత్తున ఉంది. కింద కూర్చుంటేనే చెయ్యి అందుతుంది.